గౌరి పొదుగు, నా చదువు

మా వీధిలో ఏ కబురైనా మొదట చేరేది లేసు పిన్నికి. గౌరి పొదుగు వాచిపోయిందన్న కబురు నాకు తెచ్చిందీ ఆవిడే కనుక, ఈ ముచ్చట ఆవిడతో మొదలుపెట్టడమే న్యాయం. ఆ రోజుల్లో, అంటే పాలు ప్లాస్టిక్ సంచుల్లో కాక చెంబుల్లో ఇంటికొచ్చే రోజుల్లో, భయపడటానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. కాలువలో నీళ్ళు పెరిగితే భయం, తగ్గితే భయం, టెలిగ్రాం అంటే భయం, ఆవు వెనక కాళ్ళంటే మరీ భయం. దేవుడు నాకు భక్తి ఇచ్చాడని అందరూ అనుకునేవారు. నిజానికి ఆయన ముందు భయాన్ని ఇచ్చి, పాపం దీన్ని ఎక్కడ పెట్టుకుంటుందిలే అని తరవాత భక్తినిచ్చాడేమో అని ఈ వయసులో నాకు అనిపిస్తుంది. రెండింటికీ ఆయనకు రుణపడే ఉన్నాను.

మా ఊరు పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య, కాలువ గట్టున ఉంటుంది. ఐదో ఏట వచ్చిన ఒక జ్వరం నా ఎడమ కాలిని కాస్త పొట్టి చేసి వెళ్ళింది. బడేమో కాలువ అవతల, బల్లకట్టు మీద దాటాలి. అమ్మ ఒప్పుకోలేదు. అందుకని నాన్నగారే నరసాపురంలో బట్టల కొట్టు గుమాస్తా పని చూసుకుని, సాయంత్రం బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చోబెట్టి నాకు చదువు చెప్పారు. చెప్పడం బాగానే చెప్పారు. కానీ ఇంటి చదువులో ఒక లోపముంది. పక్కన ఇంకో పిల్ల ఉండదు కాబట్టి మనకు తప్పొచ్చినప్పుడు నవ్వేవాళ్ళు ఉండరు. పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి పంచాంగం నుంచి మందు సీసా పెట్టెలో మడిచి పెట్టే కాగితం దాకా అచ్చులో ఉన్నదంతా నేను చదివేదాన్ని, చదివిందంతా నమ్మేదాన్ని. వీధిలో వాళ్ళకు ఉత్తరాలు చదివి పెట్టడంతో మొదలై, మెల్లగా సలహాలు కూడా ఇచ్చే దాకా వచ్చాను. నన్ను "చదువుకున్న పిల్ల" అనేవారు. ఆ మాట వినడానికి నేను అవసరం లేకపోయినా గుమ్మంలో నిలబడేదాన్ని (ఇది ఇప్పుడే ఒప్పుకుంటున్నాను).

మా పక్కింట్లో నాన్నగారి అక్క ఉండేది. ఊరంతా పాలమ్మ, మాకు పాలత్తయ్య. మామయ్య పోయాక ఒక్క ఆవు పాడి మీద, వీధిలో నాలుగిళ్ళకు పాలు పోసుకుంటూ, ఎవరినీ ఏమీ అడగకుండా బతికింది. ఆ ఏడు ఆ ఆవు వట్టిపోయింది, ఇక చూడి కట్టదన్నారు. మిగిలింది దాని కూతురు గౌరి. జెర్సీ సంకరం, తొలిచూలు పెయ్య. గౌరి క్షేమంగా ఈని, నాలుగు చన్నులూ బాగుండి పాడి నిలబెడితే అత్తయ్య తన ఇంట్లో తాను ఉంటుంది. లేదంటే తలుపుకు తాళం వేసి మా ఇంట్లోకి వచ్చేయాలి. మా నాన్నగారికి అది సంతోషమే. అత్తయ్యకు మాత్రం, పైకి అనేది కాదు గానీ, అంతకంటే గోదాట్లో దూకడం నయం.

అటువంటి సమయంలో అత్తయ్యకు కాశీ ప్రయాణం కుదిరింది. వంటవాళ్ళతో, గ్యాసు పొయ్యిలతో పద్దెనిమిది రోజులు తిప్పి తీసుకొచ్చే యాత్రా బస్సు. గౌరి ఈనడానికి ఇంకా నెల పైనే ఉందని ఆవిడ లెక్క. బస్సు ఎక్కేముందు నన్ను కొట్టంలోకి తీసుకెళ్ళింది.

"నేనొచ్చేదాకా ఇది నీ పూచీ."

"నేనేం చెయ్యాలి అత్తయ్యా?"

"గడ్డీ కుడితీ మీ అమ్మ చూసుకుంటుంది. నువ్వు రోజూ వచ్చి దాన్ని పలకరించు. అంతకు మించి ఏమీ చెయ్యకు."

"ఏదైనా అయితే?"

"ఏమీ కాదే. దాని పని దానికి తెలుసు."

ఆవిడ వెళ్ళిన ఆరో రోజు పొద్దున్నే లేసు పిన్ని వచ్చింది. చేతిలో లేసు అల్లే దారపు ఉండా, కొక్కెం సూదీ అలాగే ఉన్నాయి. మా వైపు ఆడవాళ్ళకు అవి లేకుండా మాట రాదు. "అమ్మాయీ, మీ అత్తయ్య పెయ్య పొదుగు చూశావా? అదేదో గుమ్మడికాయ కట్టినట్టుంది. నాకైతే మంచిగా అనిపించలేదమ్మా" అంది. వెళ్ళి చూశాను. నిజం. వారం కిందటి దాకా అరచేతంత సంచిలా ఉన్నది, ఇప్పుడు తొడల మధ్య ఇరుక్కుని, ఎర్రగా, చర్మం మెరిసేలా బిగిసిపోయి ఉంది. నాలుగు చన్నులూ నాలుగు దిక్కులకు తిరిగి ఉన్నాయి. పొదుగు ముందు భాగం నుంచి బొడ్డు దాకా వాపు పాకింది. పిన్ని ధైర్యం చేసి వేలితో నొక్కితే అక్కడ గుంట పడింది. వేలు తీశాక కూడా ఆ గుంట అలాగే ఉంది. ఆ గుంటలో నా ప్రాణం పడిపోయింది.

మధ్యాహ్నానికి వీధి ఆడవాళ్ళంతా కొట్టంలో ఉన్నారు. ఒకావిడ దిష్టి అంది. ఒకావిడ పుట్టమన్ను పూయమంది. ఇంకొకావిడ, వాళ్ళ పుట్టింట్లో ఇలాగే వాచి ఒక ఆవుకు రెండు చన్నులు చచ్చిపోయాయని, ఆ తరవాత అది పాలకూ పనికిరాలేదని, వివరంగా, ఎక్కడా తొందర పడకుండా చెప్పింది. అమ్మ నా వైపు చూసింది. "నువ్వేమంటావే?" అంది. అందరూ నా వైపు చూశారు. తెలియదు అనే మాట నాన్నగారు నాకు నేర్పించడం మరిచిపోయారనుకుంటాను.

అచ్చు కాగితం ఏదీ పారెయ్యకూడదని నాకొక నియమం. అన్నీ దేవుడి అలమర కింద అరలో దాచేదాన్ని. అందులో అంతకు ముందు ఏడు పశువుల వైద్య శిబిరంలో పంచిన కరపత్రం దొరికింది. పొదుగువాపు వ్యాధి అని పైన పెద్ద అక్షరాలు. వాపు, ఎరుపు, బిగుతు, అన్నీ రాసి ఉన్నాయి. కింద చికిత్స. డాక్టరుకు చూపించే లోపు, జబ్బు చేసిన పొదుగులోంచి పాలను రోజుకు నాలుగైదు సార్లు పూర్తిగా పిండి పారబోయాలి. మొదటి వాక్యంలో "పాలిచ్చే పశువులలో" అని ఉంది. అది నేను చదవకపోలేదు. గౌరి ఈ రోజు కాకపోయినా రేపిచ్చేదే కదా అని సమాధానం చెప్పుకున్నాను. డాక్టరుకు చూపించే మాట కూడా ఉంది. కానీ పాలకొల్లు ఆసుపత్రికి మనిషిని పంపితే డాక్టరుగారు శిబిరాలకు వెళ్ళారు, మూడు నాలుగు రోజుల దాకా రారని చెప్పారు. రాత్రి నాన్నగారికి కరపత్రం చూపిస్తే, ఆయనా అచ్చును నమ్మే మనిషే కనుక, "అందులో ఉన్నట్టే చెయ్యి తల్లీ" అన్నారు.

ఆవు దగ్గరికి వెళ్ళడమే గండమైన నేను, పీట వేసుకుని దాని పొదుగు కింద కూర్చోవడం ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. అమ్మ కొమ్ముల దగ్గర పట్టుకుంది. లేసు పిన్ని తోక పట్టుకుంది. నేను కళ్ళు మూసుకుని రామ రామ అనుకుంటూ చన్ను మీద చెయ్యి వేశాను. గౌరి కాలెత్తితే రామ రామ గట్టిగా, దించితే మెల్లగా. చాలాసేపటికి చన్ను కొసన మైనంలాంటి బిరడా ఒకటి ఊడి నా ఒళ్ళో పడింది. దాని వెనక తేనె రంగులో, తేనె కంటే చిక్కగా, జిగురుగా ఏదో సాగుతూ వచ్చింది.

"చీము" అంది పిన్ని, తోక వదిలేసి.

చీమే అనుకున్నాం అందరం. దాన్ని కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసి, చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను. కరపత్రంలో ఉన్నట్టు రోజుకు అయిదు సార్లు, నాలుగు రోజులు, నాలుగు చన్నులూ. ఎంత తీస్తే అంత వస్తోంది. ఇంత చీము పెట్టుకుని పాపం నోరులేని జీవి ఎలా ఓర్చుకుందోనని కన్నీళ్ళు పెట్టుకునేదాన్ని. నాలుగు చన్నుల్లో ఒక్కటి పోయినా అత్తయ్య ముఖం ఎలా చూడాలి? అన్నం సయించేది కాదు. సోమవారాలు చాలక మంగళ, శనివారాలు కూడా ఉపవాసం మొక్కుకున్నాను.

మధ్యలో ఒక రోజు అత్తయ్య కాశీ నుంచి ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసింది. బూతు ఆయన కబురు పెడితే కుంటుకుంటూ పరిగెత్తాను.

"గౌరి ఎలా ఉందే?"

"బాగుంది అత్తయ్యా."

"మేత మేస్తోందా?"

"మేస్తోంది. ఒళ్ళు చేసింది."

"పొదుగు దిగిందా?"

"కొంచెం... దిగింది" అన్నాను, వాపు మాట దాచేసి. "సరే, దణ్ణం పెట్టుకుంటాలే మీ అందరి పేరునా" అని పెట్టేసింది. గంగ ఒడ్డున నిలబడిన మనిషితో అబద్ధమాడితే ఏమవుతుందో నేను చదివిన ఏ కాగితంలోనూ లేదు. ఉండి ఉంటే బాగుండేదనిపించింది. లేనందువల్ల నాకు తోచిన శిక్షలన్నీ ఊహించుకోవలసి వచ్చింది.

నాలుగో రోజుకు పసుపు రంగు పలచబడింది. అయిదో రోజు పొద్దున్న చెంబులోకి తెల్లటి పాలు వచ్చాయి. చీము పోయింది, లోపల శుభ్రమైపోయింది, పాలు కూడా వస్తున్నాయి. అమ్మ నా నెత్తి మీద చేత్తో నిమిరింది. పిన్ని వీధి చివరి దాకా వెళ్ళి చెప్పి వచ్చింది. చూడటానికి వచ్చినవాళ్ళకు నేను కరపత్రం చదివి వినిపించాను, అడగనివాళ్ళకు కూడా. ఆ రోజు మధ్యాహ్నం పశువుల డాక్టరుగారు ఎవరి గేదెకో సూది వెయ్యడానికి స్కూటరు మీద మా వీధికే వచ్చారు. కొత్తగా చేరిన కుర్రాయన, చాలా మర్యాదస్తుడు. నా విజయం ఆయన కళ్ళతో చూడాలని పిన్ని ఆయన్ను దాదాపు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఆయన చెంబులోకి చూశారు. "ఎప్పుడు ఈనిందండి?"

"ఇంకా ఈనలేదండి" అన్నాను.

"మరి ఈ పాలేంటండి?"

నేను కరపత్రం అందించాను. ఆయన దాన్ని చూశారు, గౌరిని చూశారు, నన్ను చూశారు. "ముందు వచ్చినవి ఏ రంగులో ఉన్నాయండి?"

"పచ్చగా, తేనెలాగండి. చీమండి."

"ఎక్కడ పోశారండి?"

"కొబ్బరిచెట్టు మొదట్లోనండి."

"ఆ చెట్టుకు ఈ ఏడాది ఏ జబ్బూ రాదు లెండి" అన్నారు. నవ్వలేదు. అక్కడే కుడితి తొట్టి అంచు మీద కూర్చుని, చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పారు. పెయ్య చిన్నప్పుడే పొదుగులో సన్నటి గొట్టాలు చెట్టు కొమ్మల్లా పెరుగుతాయట. చూడి కట్టాక ఆ కొమ్మల చివర ద్రాక్ష గుత్తుల్లా చిన్న చిన్న తిత్తులు వేస్తాయట. చివరి వారాల్లో ఆ తిత్తులు నిండుతాయట. చర్మం కింద నీరు కూడా చేరుతుందట. తొలిచూలు పెయ్యలకు అది మామూలట. నొక్కితే గుంట పడేది నీటి వాపేనని, జబ్బు వాపైతే చెయ్యి కాలేంత వేడిగా ఉండి, ముట్టుకుంటే పశువు తన్నేస్తుందని, ఇది తన్నిందా అని అడిగారు. కాలెత్తింది గానీ తన్నలేదని చెప్పాను.

"మీరు తీసింది చీము కాదండి, జున్నుపాలు. పుట్టబోయే దూడకు తల్లి దాచిపెట్టినవి. దూడ ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి పుట్టుకతో ఉండదండి, ఆ పాలతోనే రావాలి. అది కూడా పుట్టిన మొదటి కొన్ని గంటల్లోనే."

"మళ్ళీ ఊరవా అండి?"

"ఊరితే ఇవిగో, ఈ తెల్లవి ఊరతాయి. ఆ బిరడాలు కూడా తీసేశారు కదా, చన్నులు తెరుచుకుపోయాయి. అవి నేను చూస్తాను. ఇక మీరు చెయ్యి వెయ్యకండి."

నేను నేల చూస్తున్నాను. నేల కూడా నన్నే చూస్తున్నట్టుంది. అప్పుడే గౌరి పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. డాక్టరుగారు చొక్కా చేతులు పైకి మడిచారు. అత్తయ్య నెల లెక్క తప్పిందో, నా పిండుడు తొందరపెట్టిందో ఇప్పటికీ తెలియదు. ఎండ కొట్టం దాటేసరికి గౌరి ఈనింది. పెయ్యదూడ. తడిగా, నుదుట తెల్ల చుక్కతో. కాళ్ళ మీద నిలబడాలని నాలుగుసార్లు ప్రయత్నించి, అయిదోసారి నిలబడి, నేను ఖాళీ చేసిన పొదుగు వెతుక్కుంటూ వెళ్ళింది.

డాక్టరుగారు చన్నులకు మందు పెట్టి, బ్యాగు సర్దుకుంటూ, "ఈ మధ్య ఈనిన ఆవు ఊళ్ళో ఎవరికైనా ఉంటే ఆ జున్నుపాలు దీనికి తాగించండి. ఈ రాత్రి లోపే. లేదంటే దూడ మీద ఆశ పెట్టుకోకండి" అని ఇంకో ఊరికి వెళ్ళిపోయారు. ఆవు ఈనిన కబురు ఎవరికి తెలియాలి? లేసు పిన్నికే. "రేవులో మామ్మ ఆవు నిన్ననే ఈనిందటమ్మా" అంది. రేవంటే అరమైలు దూరంలో, గోదారి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట. పాల క్యాను తీసుకుని బయల్దేరాను.

నా భయమంతా సూర్యుడి మీద. మా వైపు దీపాలు పెట్టాక పాలు ఇంట్లోంచి బయటికి ఇవ్వరు. ఇస్తే పాడి పోతుందంటారు. జున్నుపాలైతే అసలే ఇవ్వరు. నేనే ఒకసారి, దీపం వెలిగించాక కాఫీలోకి చారెడు పాలడిగిన ఎదురింటావిడకు లేవని చెప్పి పంపేశాను. ఆవిడ ముఖం నాకు దారి పొడుగునా కనిపించింది. కుంటి కాలితో ఎంత వేగంగా నడిస్తే అంత వేగంగా నడిచాను. నేను రేవు చేరేసరికి మామ్మ వాకిట్లో గూట్లో దీపం పెట్టి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని దణ్ణం పెట్టుకుంటోంది.

"ఎవరది? పాలమ్మగారి మేనకోడలివి కదూ. ఏంటమ్మాయిగారూ, క్యాను పట్టుకుని ఈ వేళప్పుడు వచ్చావు?"

చెప్పాను. చీము దగ్గర్నుంచి అంతా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. లోపలి నుంచి ఆవిడ కోడలు, "అత్తా, దీపం పెట్టేశాం. పాలు గడప దాటకూడదు. పైగా అవి గంగమ్మ తల్లికి జున్ను పెడతానని మొక్కుకున్న పాలు" అంది. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేనైనా అదే అందును. క్యాను చంకన పెట్టుకుని వెనక్కి తిరిగాను.

"ఆగు తల్లీ" అంది మామ్మ. కాసేపు ఆవు వైపు చూసింది. ఎర్రటి నాటు ఆవు, మేక కంటే కాస్త పెద్దదంతే. "పాలు గడప దాటకూడదన్నారు గానీ, ఆవు దాటకూడదని ఎవరూ అనలేదు కదా" అంది.

"గంగమ్మకో?" అంది కోడలు.

"గంగమ్మకు రేపు పెట్టుకుంటాను. ఆ తల్లి ఎక్కడికీ పోదు. ఆ దూడకు రేపుండాలి కదా ముందు."

అని, చేపలమ్మే గంప తెచ్చి, అడుగున గడ్డి పరిచి, ఒక రోజు వయసున్న తన ఆవు దూడను ఎత్తి అందులో కూర్చోబెట్టింది. కోడలు చెయ్యి వేస్తే గంప నెత్తికెత్తుకుంది. ఇంకేముంది, దూడ కోసం ఆవు తాడు లేకుండానే, మోర పైకెత్తి, అంబా అంటూ గంప వెనకాల బయల్దేరింది. ముందు నెత్తి మీద గంపతో మామ్మ, గంప అంచు మీద గడ్డం ఆనించి ఊరు చూస్తున్న దూడ, దాని వెనక ఆవు, ఆవు వెనక, మామ్మ కోడలిచ్చిన లాంతరుతో నేను. ఆవుకీ నాకూ మధ్య జానెడు దూరం. దాని వెనక కాళ్ళు నా కళ్ళ ముందే ఆడుతున్నాయి. ఆ సాయంత్రం వాటికి భయపడటం మరిచిపోయానని చాలా రోజుల తరవాత గుర్తొచ్చింది.

మా వీధి మొదట్లో లేసు పిన్ని అరుగు దిగి వచ్చింది. "ఏంటి మామ్మా, చేపల గంపలో దూడ పడిందేంటి?"

"గోదాట్లో వలేస్తే పడిందమ్మా. కొత్త రకం చేప. తోక కోసి ఇమ్మంటావా, తలా?"

మా ఇంట్లో నీచు తినరు. చేపల గంప వీధిలో పోతుంటే, నీళ్ళ చుక్క మీద పడుతుందేమోనని నేను గోడకు అతుక్కునేదాన్ని, పడితే స్నానం చేసేదాన్ని. ఆ గంప కొట్టం గుమ్మం దగ్గర ఆగింది. అమ్మ ఒక్క క్షణం గంపనూ నన్నూ చూసింది. తరవాత తనే ఎదురెళ్ళి, రెండు చేతులా గంప దించి, "లోపలికి రా అక్కా" అంది.

కొత్త చోటుకు బెదిరి ఆవు పాలు చేపలేదు. మామ్మ చన్ను పట్టుకుంటే ఒక్క చుక్క రాలేదు. "భయముంటే పాలు పైకి ఎక్కించేసుకుంటుంది. దాన్ని తొందరపెట్టకూడదు" అని, తన దూడను ఒక పక్క వదిలింది. అది రెండు కుమ్ములు కుమ్మి నోరు పెట్టింది. ఆవు ఒళ్ళు సడలింది, పొదుగు నిండింది. అప్పుడు రెండు గుక్కల పసుపు పాలు అరచేతిలోకి పిండి, మా దూడ వీపుకు పూసి, రెండో పక్కన నిలబెట్టింది. ఆవు మెడ తిప్పి వాసన చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. అది మా దూడ వీపు నాకడం మొదలుపెట్టింది. మా దూడ చన్ను అందుకుంది. తోక అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాక, మామ్మ గోడకు ఆనుకుని కూర్చుని, "ఇక నువ్వు ఊపిరి వదలచ్చమ్మాయిగారూ" అంది.

మర్నాడు పొద్దున్న ఇంకోసారి తాగించి, దూడను మళ్ళీ గంపలో ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఏమిచ్చినా పుచ్చుకోలేదు. వెళ్ళే ముందు గౌరి పొదుగు మీద చెయ్యి వేసి చూసి, "ఇది బాగానే ఉంటుంది. నువ్వే కాస్త తేరుకోవాలి" అంది.

ఆవిడ చెప్పినట్టే, అయిదారు రోజుల్లో నీటి వాపు తీసింది. నాలుగు చన్నులూ నిలిచాయి. కానీ అత్తయ్య తిరిగొచ్చే రోజు దగ్గర పడేకొద్దీ నా భయం ఎప్పటిలాగే పెరిగింది. బస్సు దిగి, గంగ చెంబులు కూడా దించకుండా ఆవిడ నేరుగా కొట్టంలోకి వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడి అంతా ఏకరువు పెట్టాను, ఫోన్లో ఆడిన అబద్ధంతో సహా. ఆవిడ గౌరి కింద కూర్చుని ఒక్కో చన్నూ పట్టి చూసింది. దూడ నోట్లో వేలు పెట్టి చూసింది. నాకు గంటసేపు పట్టినట్టు అనిపించింది.

"పలకరించమన్నాను" అంది చివరికి. "పిండమన్నానా?"

"లేదు అత్తయ్యా."

"పలకరించడం నీకు ఎంత కష్టమైందే" అంది. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. గంగ చెంబుల్లో మొదటిది పట్టుకుని, భోజనం కూడా చెయ్యకుండా రేవుకు నడిచి వెళ్ళింది. మామ్మతో ఏం మాట్లాడిందో తెలియదు. వచ్చేటప్పుడు మాత్రం రెండు కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, చేతిలో అరిటాకులో గంగమ్మకు పెట్టిన జున్ను ఉంది. మరి ఆ మొక్కు మామ్మ ఎప్పుడు, ఏ పాలతో తీర్చుకుందో.

అయితే శిక్ష నాకు పడలేదు గానీ అత్తయ్యకు పడింది. మర్నాడు పొద్దున్న ఆవిడ చెంబు పట్టుకుని కూర్చుంటే గౌరి పాలు చేపలేదు. దూడను వదిలినా, వీపు నిమిరినా, ముప్ఫై ఏళ్ళ పాడి అనుభవమంతా వాడినా లాభం లేదు. నన్ను పిలిచారు. నేను అలవాటు కొద్దీ, భయంతోనే, రామ రామ అంటూ పక్కన నిలబడ్డాను. పాలు ధార కట్టాయి. మొదటిసారి దాని చన్ను మీద చెయ్యి పడ్డ రోజు నుంచి వినబడిన శబ్దం అదే కదా, ఆ మాట లేనిదే పాలివ్వకూడదని అది నేర్చుకుంది. అత్తయ్య దేవుణ్ణి నమ్మని మనిషి కాదు గానీ, పని వేళల్లో ఆయనతో మాట్లాడే అలవాటు లేదు. గౌరి బతికినన్నాళ్ళూ, అయిదు ఈతలూ, రోజుకు రెండు పూటలా రామ రామ అంటూనే పాలు తీసింది. "నీ పుణ్యమా అని నాకు బలవంతపు పుణ్యం వచ్చి పడుతోందే" అని విసుక్కునేది. తన ఇంట్లోనే, తన కొట్టంలోనే కూర్చుని విసుక్కునేది. ఆ విసుగు మా గోడ ఇవతలికి వినబడినప్పుడల్లా నేను దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఇప్పుడు అచ్చు కాగితం దేన్నైనా నేను మొదటి వాక్యం రెండుసార్లు చదువుతాను. తెలియదు అనే మాట కూడా నేర్చుకున్నాను, కాస్త ఆలస్యంగానే. ఆ కరపత్రం చేత్తో పట్టుకుని వీధి మధ్యలో నిలబడిన పంతొమ్మిదేళ్ళ పిల్ల ఎప్పుడైనా గుర్తొస్తే, దాని చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించాలనీ అనిపిస్తుంది. పాపం, నాలుగు రోజులుగా తినలేదు కదా.

ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ నవ్వుకోలేను. ఆ మామ్మ పేరేమిటో నేను అడగలేదు. ఊరందరి ఉత్తరాలూ, ఊరందరి పేర్లూ చదివినదాన్ని, ఆవిడ పేరు అడగాలని తోచలేదు. తోచేసరికి రేవులో ఆవిడ లేదు, కొడుకూ కోడలూ ఇల్లు తీసేసి ఎటో వెళ్ళారు. కనుక మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ మీ దేవుళ్ళకు దణ్ణం పెట్టుకునేటప్పుడు, మీవాళ్ళందరి పేర్లూ అయ్యాక, ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియదని సందేహించకండి. నెత్తి మీద గంపలో దూడనెత్తుకుని నడిచిన మామ్మ అంటే చాలు, ఆయన పోల్చుకుంటాడు.